కలంకారీ గుడ్డ చుట్టిన గాలం కర్ర మీద పైపూత చెడిపోయింది, ఎలా బాగుచేసుకోవాలి?

బైరాగిపట్టెడ_పాప
నాయన ఈ నెలాఖరుకు రిటైరవుతున్నారు. ఆయనకు గాలం కర్ర నా చేత్తో తయారు చేసి ఇవ్వాలని మూడు నెలలుగా కూర్చుని చేస్తున్నాను. ఏడడుగుల నల్ల కార్బన్ బ్లాంక్ (ఏమీ బిగించని ఉత్త కర్ర) తెప్పించుకున్నాను. రీల్ సీటు, కార్క్ హ్యాండిల్, గైడ్లకు (గాలం తాడు దూరే రింగులకు) దారం చుట్టడం, అన్నీ బాగానే కుదిరాయి. హ్యాండిల్ పైన ఐదంగుళాల మేర అమ్మ పాత కలంకారీ చీర కొంగులోంచి నెమలి ఉన్న ముక్క కత్తిరించి చుట్టాను. దాని మీద రాడ్లకు వేసే రెండు సీసాల ఎపాక్సీ (రెజిన్, హార్డెనర్ కలిపితే గట్టిపడే పూత) ఒకే కోటు, కాస్త దళసరిగా పూశాను. అక్కడే అంతా చెడింది.

గుడ్డ అసలు రంగు లేత గోధుమ. ఎపాక్సీ పడగానే తడిసిన గోనెసంచిలా నల్లబడిపోయింది. నెమలి మెడలో నీలం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోంది. పూత కొన్నిచోట్ల గుండ్రంగా పక్కకు తప్పుకుని గుంటలు పడింది. లోపల ఆవగింజలంత బుడగలు. ఐదు రోజులైంది, ఇప్పటికీ వేలు పెడితే వేలిముద్ర పడుతోంది. దీని మీద ఇంకో కోటు వేయాలా, గీకేయాలా? గీకితే గుడ్డ పోతుంది. చీరలో ఇంకో ముక్క ఉంది గానీ, అందులో ఒక్క నెమలే మిగిలింది.

గూడూరు_నిమ్మ
ఫోటో పెట్టు బ్రదర్.

బైరాగిపట్టెడ_పాప
పెట్టాను. బ్రదర్ కాదండీ, పేరులోనే పాప అని ఉంది.

గూడూరు_నిమ్మ
సారీ అక్కా. ఫోటో చూశాను, కడుపు తరుక్కుపోయింది. నెమలి తల ఎంత బాగుందో.

కొర్రమీను77
నేను అడిగేది ఒకటే. చేపకు నెమలి కనబడుతుందా? కర్ర కర్రలా ఉండాలి. గైడ్ల దగ్గర దారం మీద సన్నగా ఒక పూత, అంతే. ఈ గుడ్డలు, రంగులు అన్నీ బరువు. ముప్పై ఏళ్లుగా చెరువు గట్టున కూర్చుంటున్నాను, మొద్దు కర్రతోనే ఎక్కువ చేపలు పట్టాను.

రాయలచెరువు_గట్టు
కొర్రమీను అన్నా, బరువు సంగతి కొన దగ్గరైతే నిజమే. కొన గైడ్ల మీద ఎపాక్సీ మందంగా పడితే కర్ర వంగి తిరిగి లేవడం మందగిస్తుంది. కానీ ఈ అమ్మాయి గుడ్డ చుట్టింది హ్యాండిల్ పక్కన. అక్కడ కర్ర వంగదు, నాలుగైదు గ్రాములు పెరిగితే చేతికి తెలియదు కూడా. ఇంకొకటి, ఇది చేప కోసం కాదు, వాళ్ల నాయన కోసం.

పాపా, కంగారుపడొద్దు. మీరు చెప్పినవి నాలుగు వేరు వేరు జబ్బులు. నల్లబడటం ఒకటి, గుంటలు ఒకటి, బుడగలు ఒకటి, ఆరకపోవడం ఒకటి. నాలుగింటికీ ఒకే మందు లేదు. ముందు ఇవి చెప్పండి. రెండు సీసాలు ఎలా కొలిచారు? గుడ్డ కింద ఏం పూశారు? గుడ్డ ఎపాక్సీని తాగకుండా ముందు ఏదైనా సీలర్ పూత వేశారా? గుడ్డ ఉతికారా?

బైరాగిపట్టెడ_పాప
కొలత చాలా జాగ్రత్తగా చేశానండి. సీసా మీద సమానం అని ఉంది. మా బాబాయి దగ్గర నగలు తూచే చిన్న కాటా ఉంటే, దాని మీద చెరి 4 గ్రాములు తూచి కలిపాను. గుడ్డ కింద ఏమీ లేదు, నల్ల బ్లాంక్ మీదే పల్చగా గమ్ రాసి చుట్టాను. సీలర్ వేయలేదు. ఉతికాను, అమ్మ మామూలుగా ఉతికినట్టే. సబ్బు, ఆ తర్వాత బట్టలు మెత్తగా ఉండటానికి వేసే లిక్విడ్.

రాయలచెరువు_గట్టు
దొరికాయి. నాలుగూ దొరికాయి.

రేణిగుంట_కెమిస్ట్రీ
కాటా దగ్గరే మొదటి తప్పు జరిగింది. సమానం అంటే ఘనపరిమాణంలో సమానం, బరువులో కాదు. రెజిన్ బరువు ఎక్కువ, మిల్లీలీటరు 1.1 గ్రాములకు పైనే ఉంటుంది. హార్డెనర్ సుమారు ఒక గ్రాము. బరువు సమానంగా తూచితే హార్డెనర్ ఎక్కువ పడుతుంది. ఎపాక్సీ నీళ్లు ఆరినట్టు ఆరేది కాదు. రెండు పదార్థాల అణువులు ఒకదానితో ఒకటి చేతులు కలపాలి. ఒకవైపు ఎక్కువైతే కొన్ని చేతులు ఖాళీగా మిగిలిపోతాయి. ఆ మిగిలినవే మీ వేలికి తగులుతున్న జిగట. ఎండలో పెట్టినా, పది రోజులు ఆగినా అది గట్టిపడదు.

సూది తీసేసిన సిరంజీలు రెండు కొనుక్కోండి, ఒకటి రెజిన్‌కు, ఒకటి హార్డెనర్‌కు. వాటి మీద గుర్తు పెట్టుకోండి. మూతలు కూడా తారుమారు కాకూడదు.

రాయలచెరువు_గట్టు
చెరి 3 మిల్లీలీటర్లకు తక్కువ ఎప్పుడూ కలపొద్దు. కొంచెమే కావాలని అర మిల్లీలీటరు చొప్పున తీస్తే, ఒక చుక్క తేడా వచ్చినా నిష్పత్తి దెబ్బతింటుంది. మిగిలింది పారేస్తే పోయేది పది రూపాయలు. మూడు నెలల పని కంటే ఎక్కువా?

సిరంజీ విషయంలో ఒక మాట. కొన్ని సిరంజీల లోపల పిస్టన్ సులువుగా జారడానికి సిలికాన్ రాసి ఉంటుంది. అది ఎపాక్సీలో కలిసినా గుంటలు పడతాయి. నల్ల రబ్బరు పిస్టన్ లేని, మొత్తం ప్లాస్టిక్‌వే వాడండి.

షెడ్డు_చిత్తూరు
గుంటల సంగతి నేను చెప్తాను. మాది కార్లకు పెయింట్ కొట్టే షెడ్డు. మేము దాన్ని ఫిష్ ఐ అంటాము. చేప కన్నులా గుండ్రంగా పడుతుంది కాబట్టి ఆ పేరు. నూనె రాసిన పళ్లెంలో నీళ్లు పోస్తే ఎలా విడిపోతాయో, కింద జిడ్డు ఉంటే పూత అలా పక్కకు పోతుంది. చెల్లెమ్మా, మీరు ఉతికిన ఆ మెత్తటి లిక్విడ్ ఉంది చూశారా, దాని పనే దారం మీద జిడ్డులాంటి పొర వేయడం. మా షెడ్డులో టైరు పాలిష్ డబ్బా తెరిచి ఉంటే ఆ రోజు క్లియర్ కోటు కొట్టం. గాలిలో కొంచెం సిలికాన్ ఉన్నా చాలు, బానెట్ మొత్తం చేప కళ్లే.

గూడూరు_నిమ్మ
తలకు కొబ్బరి నూనె పెట్టుకుని పని చేస్తే?

షెడ్డు_చిత్తూరు
అది కూడా వద్దు తమ్ముడూ. జుట్టు తాకిన చేత్తో దారం తాకినా చాలు. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవాలి. అవి చేతులకు కూడా మంచివి. ఎపాక్సీ పదే పదే చర్మానికి తగిలితే కొందరికి దద్దుర్లు పట్టుకుంటాయి. ఒకసారి పట్టుకుంటే ఆ తర్వాత వాసనకే దురద మొదలవుతుంది. మా దగ్గర పని నేర్చుకున్న ఒక అబ్బాయి ఈ కారణంగానే పని మానేశాడు.

కాళహస్తి_కలం
కలంకారీ పని ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని, కొంచెం చెప్పనివ్వండి. జిడ్డు ఆ లిక్విడ్‌దే కాకపోవచ్చు. మా గుడ్డకు ముందే కరక్కాయ, బర్రె పాలు కలిపి పట్టిస్తాము. పాలలో వెన్న ఉంటేనే కసిమి గీత పక్కకు పాకకుండా నిలుస్తుంది. తర్వాత ఉడికిస్తాము, స్వర్ణముఖి నీళ్లలో ఉతుకుతాము, అయినా కొన్ని రంగులకు ముందు మళ్లీ పాలు పడతాయి. బాగా ఉతకని ముక్కలో ఆ పాల జిడ్డు ఇంకా ఉండొచ్చు.

అందుకని మిగిలిన ముక్కను కుంకుడుకాయ రసంలో నానబెట్టి, రెండు మూడు నీళ్లలో జాడించి, నీడలో ఆరేయండి. గంజి వద్దు, లిక్విడ్ వద్దు. ఆరాక తెల్ల చేతిరుమాలు తడిపి గుడ్డ మీద గట్టిగా అదిమి చూడండి. రుమాలుకు పసుపు అంటితే, తడి సీలర్ వేసినప్పుడు కూడా పసుపు పాకుతుంది. కసిమి నలుపు, ఎరుపు చాలా గట్టివి. పసుపే నాజూకు.

కసిమి అంటే తెలియనివాళ్లకు: తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన ద్రవం. కరక్కాయ పట్టించిన గుడ్డకు తగలగానే నల్లగా తిరుగుతుంది. మీ నెమలి చుట్టూ ఉన్న ఆ సన్న గీత అదే.

కొర్రమీను77
పాల సంగతి నాకు తెలియదు, బాగుంది. అయితే చీర చింపడం మటుకు నాకు నచ్చలేదు.

బైరాగిపట్టెడ_పాప
చింపింది అమ్మే అన్నా. పదేళ్ల కిందటే అంచు చిరిగిపోతే, కొంగు మాత్రం దాచుకుంది. "పెట్టెలో ఉండి ఏం చేస్తుంది, మీ నాయన చేతిలోనన్నా ఉంటుంది" అని తనే తీసిచ్చింది. అందుకే ఈ టెన్షన్. ఇంతవరకు ఆమెకు చూపించలేదు.

కొర్రమీను77
అలాగయితే వెనక్కి తీసుకుంటున్నా తల్లీ. చేయండి.

రేణిగుంట_కెమిస్ట్రీ
ఇప్పుడు నల్లబడటం సంగతి. పొడి నూలు గుడ్డ తెల్లగా కనిపించేది, దారాల మధ్య గాలి ఉండి వెలుతురును అటూ ఇటూ చెదరగొట్టడం వల్ల. వక్రీభవన గుణకం, అంటే వెలుతురు ఎంత వంగుతుందో చెప్పే అంకె, గాలికి 1, నూలుకు సుమారు 1.53, ఎపాక్సీకి 1.55 దగ్గర. గాలి స్థానంలో ఎపాక్సీ నిండగానే, వెలుతురుకు నూలేదో, ఎపాక్సీ ఏదో తేడా తెలియదు. నేరుగా లోపలికి పోతుంది. గుడ్డ గాజులా మారుతుంది. లోపల ఉన్నదేమిటి? మీ నల్ల బ్లాంక్. నీళ్లకు 1.33 కాబట్టి తడి గుడ్డ కొంచెమే నల్లబడుతుంది, ఎపాక్సీ తాగిన గుడ్డ ఇంకా ఎక్కువ. మీ రంగులు ఎక్కడికీ పోలేదు. వాటి వెనక తెర నల్లగా ఉంది, అంతే.

రాయలచెరువు_గట్టు
మాస్టారు చెప్పింది గైడ్ల దారానికి కూడా వర్తిస్తుంది. మామూలు నైలాన్ దారం ఎపాక్సీ తగలగానే సగం పారదర్శకంగా అయిపోతుంది. తెల్ల దారం చుట్టినవాడు మర్నాడు చూస్తే బూడిద రంగు. అందుకే రంగు నిలిపే సీలర్ ముందు వేస్తారు, లేదా ముందే అద్ది వచ్చిన దారం కొంటారు. మెటాలిక్ దారానికి ఆ బెడద లేదు.

పాపా, మీకు ఒక విధంగా మంచే జరిగింది. పూత గట్టిపడి ఉంటే, దాన్ని తీయడానికి బ్లేడు పెట్టాలి, బ్లేడు కార్బన్ మీద గీత పెడితే కర్ర అక్కడే విరుగుతుంది. మీది జిగటగా ఉంది. హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెట్టి, వెదురు పుల్లతో అంచు లేపితే, గుడ్డతో సహా తోలు ఊడినట్టు వస్తుంది. హీట్ గన్ పెట్టొద్దు, కర్రలోని రెజిన్ మెత్తబడుతుంది. చేతికి సెగ తగిలే వేడి చాలు.

పీలేరు_వడ్రంగి
నేను ఒప్పుకోను. జిగట పూత మీద సరిగ్గా కలిపిన కోటు వేస్తే, పైన గట్టిపడి కింది జిగటను కప్పేస్తుంది. నేను రెండుసార్లు చేశాను, ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఉన్న నెమలిని పీకడం ఎందుకు?

రాయలచెరువు_గట్టు
గైడ్ల దారం మీద అయితే మీరు చెప్పిందే నేనూ చెప్తాను. అక్కడ పైకోటు చాలు. కానీ ఈమెకు నల్లబడటం కూడా ఉంది కదా. పైన ఎన్ని కోట్లు వేసినా నెమలి మళ్లీ నీలంగా కనబడదు.

పీలేరు_వడ్రంగి
అది నిజమే. నల్ల బ్లాంక్ సంగతి నేను పట్టించుకోలేదు. సరే, పీకండి.

బైరాగిపట్టెడ_పాప
పీకాను. చెప్పినట్టే వచ్చింది. పదిహేను నిమిషాలు పట్టింది. గుడ్డ లోపలి వైపు చూస్తే నెమలి అద్దంలో చూసినట్టు తిరగబడి, శుభ్రంగా, అన్ని రంగులతో ఉంది. ఏడుపొచ్చింది. రంగు ఉందని మాస్టారు చెప్పారు గానీ కళ్లతో చూసేదాకా నమ్మకం కుదరలేదు.

తూపిలిపాళెం_అల
దాన్ని పారేయకండి. ఫ్రేమ్ కట్టించండి.

బైరాగిపట్టెడ_పాప
ఇప్పుడు వరుస ఎలా? బ్లాంక్ మీద జిగట మిగిలింది.

రాయలచెరువు_గట్టు
ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకు అద్ది, మళ్లీ మళ్లీ తుడవండి, గుడ్డ మారుస్తూ. ఆ తర్వాత 600 నంబరు గరుకు కాగితం తడిపి, దానితో మెరుపు పోయేంతవరకు మాత్రమే రుద్దండి. తెల్ల యాక్రిలిక్ రంగు పల్చగా రెండు కోట్లు, గుడ్డ పడే మేరకే. రెండు రోజులు ఆరనివ్వండి. ఆయిల్ పెయింట్ వద్దు. అది పైన ఆరినట్టే ఉంటుంది, లోపల వారాలు పడుతుంది. దాని మీద ఎపాక్సీ వేస్తే తర్వాత పగుళ్లు వస్తాయి.

గుడ్డ అతికించేటప్పుడు కూడా నీళ్లతో పల్చన చేసిన యాక్రిలిక్ మీడియమే (రంగు కలపని యాక్రిలిక్ ద్రవం) వాడండి. కింద ఒకసారి, పైన రెండుసార్లు. ప్రతి కోటుకూ దారాల సందులు నిండాలి. గుడ్డ నొక్కినప్పుడు "టిక్ టిక్"మని బుడగలు రావడం ఆగితే నిండినట్టు. ఎపాక్సీలో మీకు వచ్చిన బుడగలు గుడ్డలోంచి లేచిన గాలే. గాలికి పైకి వచ్చే దారి మూసేయాలి.

గూడూరు_నిమ్మ
ఫెవికాల్ నీళ్లు కలిపి వేస్తే చాలదా? అందరి ఇళ్లల్లో ఉంటుంది.

పీలేరు_వడ్రంగి
చెక్కకు బ్రహ్మాండం. గాలం కర్రకు వద్దు. పైపూతకు ఎక్కడైనా వెంట్రుకవాసి పగులు పడి తేమ పోతే, మామూలు తెల్ల గమ్ ఉబ్బి పాలలా అవుతుంది. లక్క పాలిష్ పెట్టొచ్చు, మైనం తీసిన లక్క అయితే. మైనం ఉన్న లక్క మీద ఎపాక్సీ పట్టదు. కొట్టులో దొరికేది ఎక్కువగా మైనంతోనే ఉంటుంది. స్పిరిట్‌లో కరిగించి రెండు రోజులు కదపకుండా పెడితే మైనం అడుక్కి దిగుతుంది, పైన తేరుకున్నది వంచుకుని వాడాలి. కానీ లక్క రంగు కొంచెం తేనెలా ఉంటుంది, మీ గుడ్డ నేల రంగు మారుతుంది. కాబట్టి ఈమెకు యాక్రిలిక్కే మేలు.

వెదురు_పిచ్చి
లక్క మాట వచ్చింది కాబట్టి, వెదురు రాడ్ల మీద పైపూత గురించి ఒక పక్కదారి. 1840ల్లో అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఈస్టన్‌లో శామ్యూల్ ఫిలిప్ అని తుపాకులు, వయొలిన్లు చేసే ఆయన వెదురును నిలువునా చీల్చి, ముక్కలు అతికి గాలం కర్ర చేశాడు. ఆ తరం వాళ్లు వాడిన వెదురు మన దేశానిదే. కలకత్తా ఓడల్లో పోయింది కాబట్టి కలకత్తా కేన్ అన్నారు. లోపల బోలు దాదాపు లేని గట్టి వెదురు, మన శేషాచలం కొండల్లో పెరిగే జాతి అదే. తర్వాత చైనా టాంకిన్ వెదురు వచ్చి దీన్ని పక్కకు నెట్టింది.

అడవిలోంచి కొట్టుకురమ్మని కాదు, వెదురు కొట్టులో నిచ్చెనకు తెచ్చిన బొంగుల్లోంచే నేను ఏరుకుంటాను. దాని మీద ఎపాక్సీ కాకుండా స్పార్ వార్నిష్ వేస్తాను. ఓడ కొయ్యల కోసం పుట్టిన వార్నిష్ అది, కొయ్యతో పాటు వంగుతుంది. పొడుగాటి గొట్టంలో వార్నిష్ నింపి, కర్రను ముంచి, నిమిషానికి రెండు మూడంగుళాల చొప్పున మెల్లగా పైకి లాగాలి. తొందరపడితే కారుతుంది.

కొర్రమీను77
ఇది బాగుంది. ఇది చేస్తాను నేను. నెమలి లేకుండా.

వెదురు_పిచ్చి
రండి అన్నా, కణుపులు నున్నగా చేయడం నేర్పిస్తాను.

తూపిలిపాళెం_అల
అందరూ ఒకటి మరిచిపోతున్నారు. ఎండ. నేను సముద్రపు ఒడ్డున వేసేవాణ్ణి, తూపిలిపాళెం నుంచి పులికాట్ ముఖం దాకా. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు మేమూ మీ తిరుపతి జిల్లాలో కలిశాము, కాబట్టి నా మాటా వినాలి. ఎపాక్సీకి నీళ్లంటే భయం లేదు, ఎండంటే భయం. మొదట పసుపు తిరుగుతుంది, తర్వాత పైన సుద్దలా పొడి రాలుతుంది. నా మొదటి రాడ్డు మీద తెల్ల దారం రెండు వేసవుల్లో నెయ్యి రంగుకు వచ్చింది. ఆమె గుడ్డ మీద ఉన్నవి సహజ రంగులు, వాటికీ ఎండ పడదు. ఎపాక్సీ పైన అతినీలలోహిత కిరణాలను ఆపే పాలీయురెథేన్ (పీయూ) క్లియర్ ఒక కోటు ఉండాల్సిందే.

రాయలచెరువు_గట్టు
నేను పీయూ వేయను. ఎపాక్సీ మందం, లోతు ఇస్తుంది. పైన ఇంకోటి ఎందుకు? నా రాడ్లు పన్నెండేళ్లుగా ఉన్నాయి.

తూపిలిపాళెం_అల
మీరు తెల్లవారుజామున, సాయంకాలం కూర్చుంటారు గట్టన్నా. చెట్ల నీడ. మాకు ఇసుకలో కర్ర పాతి, మధ్యాహ్నమంతా వదిలేయాలి. రెండూ ఒకటి కాదు.

షెడ్డు_చిత్తూరు
ఇద్దరూ రైటే. కానీ ఆమె గుడ్డకు కిరణాల రక్షణ కావాలి, నేను అల పక్షం. కార్లకు వేసే, హార్డెనర్ కలిపే టూకే పీయూ క్లియర్ ఎపాక్సీ మీద బాగా పడుతుంది, ఒక షరతు మీద. ఎపాక్సీ పూర్తిగా గట్టిపడ్డాక, 800 నంబరు తడి కాగితంతో పాలలా మసకబారేలా రుద్దాలి. నునుపు మీద కొడితే గోరుతో పొరలా లేస్తుంది. మసకబారింది కదా అని భయపడకండి, క్లియర్ పడగానే మెరుపు తిరిగొస్తుంది.

దాన్ని ఇంట్లో కొట్టకండి చెల్లెమ్మా. హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకు చెడ్డది, ఒకసారి పట్టుకుంటే ఆస్తమా తెస్తుంది. గుడ్డ మాస్కు, ఎన్95 దానికి పనిచేయవు, బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు కావాలి. మీ ఊళ్లోనే మంచి పెయింటింగ్ షెడ్డు చూసుకుని, హ్యాండిల్, గైడ్లు పేపరుతో మూసి ఇవ్వండి. ఏదైనా బంపర్ కొడుతున్నప్పుడు మిగిలిన క్లియర్‌తో రెండు నిమిషాల పని. లేదంటే చిత్తూరు తీసుకురండి, నేను కొట్టిస్తాను. డబ్బులొద్దు, మీ నాయనగారి మొదటి చేప ఫోటో చాలు.

బైరాగిపట్టెడ_పాప
అన్నా, తప్పకుండా వస్తాను.

గుడ్డ అంచులు ఎలా మూయాలి? మొదటిసారి నూలు పోగులు లేచాయి.

కాళహస్తి_కలం
అంచు కత్తిరించే ముందే అక్కడ యాక్రిలిక్ రాసి ఆరనిచ్చి, ఆ తర్వాత పదునైన బ్లేడుతో కోయండి, పోగు లేవదు. కత్తెర వద్దు. కోత గుడ్డ కర్ర మీద లేనప్పుడే జరగాలి.

రాయలచెరువు_గట్టు
రెండు చివర్లా దారం పట్టీ చుట్టండి, పావంగుళం చాలు, అంచు దాని కిందకు పోతుంది.

బైరాగిపట్టెడ_పాప
మా పిన్ని దగ్గర వెంకటగిరి చీర జరీ దారం ఉంది. అది చుట్టొచ్చా?

రాయలచెరువు_గట్టు
అంతకంటే ఏం కావాలి! లోహపు పూత ఉంది కాబట్టి నల్లబడదు. రాడ్డు దారంలా గట్టిగా లాగకండి, జరీ తెగుతుంది. పూత కింద గాలి తగలదు కాబట్టి మెరుపూ త్వరగా తగ్గదు.

ఇక ఎపాక్సీ. మూడు పల్చని కోట్లు, ఒకదానికీ ఇంకోదానికీ ఒక రోజు. మెల్లగా మూడు నిమిషాలు కలపండి, గిలకొట్టకండి, గిలకొడితే మళ్లీ గాలి. కలిపిన వెంటనే అల్యూమినియం ఫాయిల్ మీద పల్చగా పోయండి. గిన్నెలో కుప్పగా ఉంటే తన వేడికి తనే త్వరగా గట్టిపడుతుంది. మొదటి రెండు గంటలైనా కర్ర ఆగకుండా తిరగాలి, లేకపోతే పూత కిందికి జారి పొట్ట పడుతుంది. మోటారు ఉందా?

బైరాగిపట్టెడ_పాప
లేదు. చేత్తోనే తిప్పాను.

గూడూరు_నిమ్మ
అక్కా, పాడైన మైక్రోవేవ్ ఓవెన్‌లో పళ్లెం తిప్పే మోటారు తీయించండి. నిమిషానికి ఐదారు చుట్లు, సరిగ్గా కావాల్సిన వేగం. నేను అలాగే చేశాను. ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరగడం మొదలుపెడుతుంది, పర్వాలేదు. తీగలు విప్పిన చోట మాత్రం ఎలక్ట్రీషియన్‌తో టేపు వేయించండి, నాది 220 వోల్టులది.

రాయలచెరువు_గట్టు
దాన్ని ఇన్వర్టర్ లైను మీద పెట్టండి. పోయిన కార్తీకంలో నాకు కోటు వేసిన పావుగంటకు వానతో పాటు కరెంటు పోయింది. రాత్రి పదకొండు దాకా నేను, మా ఆవిడ వంతులు వేసుకుని చేత్తో తిప్పాము. కర్ర దక్కింది గానీ తెల్లారేసరికి పూత మీద నూనెలాంటి తెల్ల పొర. అది తేమ వల్ల. గోరువెచ్చని నీళ్లు, సబ్బుతో కడిగితే పోయింది.

రేణిగుంట_కెమిస్ట్రీ
హార్డెనర్‌లోని అమైన్లు అనే రసాయనాలు గాలిలో తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పైకి తేలడం అది. కడగకుండా తర్వాతి కోటు వేస్తే రెండూ కలవవు. మనకు ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి ఆ నెలల్లో వాన రోజు పూత పెట్టుకోవద్దు. ఇప్పుడు ఎండలే గనక ఆ భయం లేదు, వేరే భయం ఉంది. పది డిగ్రీలు పెరిగితే గట్టిపడే వేగం దాదాపు రెట్టింపు. మధ్యాహ్నం 40 డిగ్రీల్లో కలిపితే బ్రష్ నడవకముందే తేనెలా చిక్కబడుతుంది. తెల్లవారి ఐదింటికి కలపండి.

బైరాగిపట్టెడ_పాప
రాసుకున్నాను. ఐదింటికి లేస్తాను.

*

బైరాగిపట్టెడ_పాప
మూడు వారాల తర్వాత వచ్చాను. వరుసగా చెప్తాను.

కుంకుడు రసంలో ఉతికితే నీళ్లు పల్చటి పసుపుగా దిగాయి. రెండోసారికి తేటగా వచ్చాయి. రుమాలుకు ఏమీ అంటలేదు. తెల్ల రంగు రెండు కోట్ల మీద గుడ్డ పరిచి మీడియం అద్దుతుంటే, గట్టు గారు చెప్పిన టిక్ టిక్ నిజంగానే వినిపించింది. మూడోసారికి ఆగింది. అప్పుడే సగం ప్రాణం వచ్చింది.

మొదటి ఎపాక్సీ కోటు వేసి దీపం దగ్గర పెట్టి చూశాను. రంగు ఒక్క ఛాయ కూడా దిగలేదు. నెమలి మెడలో నీలం, రెక్కలో ఎరుపు, కసిమి గీత ఒక్కొక్కటి విడివిడిగా. మెడ దగ్గర కలం ఆగి, మళ్లీ బయలుదేరిన చోట ఒక చిన్న బొట్టు ఉంది, గుడ్డలో ఎప్పుడూ గమనించలేదు. పూత కింద అది పెద్దదై కనిపిస్తోంది. ఎవరో ఒకావిడ ఎప్పుడో అక్కడ ఊపిరి పీల్చుకుని ఉంటుంది.

రెండో కోటులో ఒక దుమ్ము వెంట్రుక పడింది. ఆరాక 800తో రుద్దితే పోయింది. నగల కాటా బాబాయికి తిరిగి ఇచ్చేశాను.

చిత్తూరు వెళ్లాను. షెడ్డు అన్న స్వయంగా మాస్కు వేసుకుని కొట్టారు. నన్ను గేటు బయట నిలబెట్టారు, వాళ్లావిడ మజ్జిగ ఇచ్చింది.

షెడ్డు_చిత్తూరు
జరీ పట్టీ చూసి మా కుర్రాళ్లు పని ఆపేశారు. చాలా శుభ్రమైన పని, చెల్లెమ్మా. మసకగా రుద్దడం ఎక్కడా తప్పలేదు.

రాయలచెరువు_గట్టు
ఫోటో చూశాను. గైడ్ల దగ్గర పూత అంచు కూడా సమంగా ఉంది. అల గెలిచాడు, పీయూ మెరుపు బాగుంది. నా తర్వాతి కర్రకు వేసి చూస్తాను.

తూపిలిపాళెం_అల
గెలుపోటములు లేవు అన్నా. నీడలో దాచుకోమనండి, అంతే. పాత పంచెతో ఒక సంచి కుట్టండి. ప్లాస్టిక్ కవర్‌లో తడి కర్ర పెట్టొద్దు.

బైరాగిపట్టెడ_పాప
సంచి అమ్మ కుట్టేసింది. కర్ర చూసి ముందు ఏమీ అనలేదు. వెలుతురులోకి పట్టుకెళ్లి, నెమలి మీద బొటనవేలు పెట్టి, అటూ ఇటూ తిప్పి, "ఇది మా పెళ్లయిన ఏడాది కొన్న చీర" అంది. నాకు ఇంతకుముందు చెప్పలేదు.

నాయన నిన్న సాయంత్రం రాయలచెరువుకు తీసుకెళ్లారు. రెండు జిలేబీ చేపలు పడ్డాయి, అరచేయంత. కర్ర మీద పడ్డ నీళ్లు నెమలి మెడ మీద ముత్యాల్లా నిలబడ్డాయి. తుడవబోతే నాయన "ఉండనీ" అన్నారు.

షెడ్డు అన్నా, ఫోటో విడిగా పంపాను.

కొర్రమీను77
తల్లీ, ఒక సందేహం. వెదురు కర్ర మొదలుపెట్టాను. హ్యాండిల్ పైన కొంచెం గుడ్డ చుడితే, కింద తెల్ల రంగు వేయాలా? వెదురు ఎలాగూ లేత రంగే కదా.

కాళహస్తి_కలం
వేయాలి అన్నా. లేకపోతే వెదురు పసుపు గుడ్డలోకి తేలుతుంది. ఏ బొమ్మ కావాలో చెప్పండి, చిన్న ముక్కలు నా దగ్గర ఉన్నాయి.

కొర్రమీను77
చేప.